చెల్లింపునకు సాక్ష్యము: చీల్చిన కర్ర నుండి బ్లాక్‌చెయిన్ వరకు

1834 అక్టోబరు 16వ తేదీ సాయంకాలము లండను నగరములో పార్లమెంటు భవనము అంటుకొని రాత్రి అంతయు కాలెను. కారణము విచిత్రమైనది. ప్రభుత్వ కోశాగారములో శతాబ్దములుగా పేరుకొనిపోయిన కర్రముక్కలను వదిలించుకొనుటకై, ప్రభువుల సభ క్రింద ఉన్న పొయ్యిలలో వాటిని ఆ దినమంతయు కాల్చిరి. పొగగొట్టములు మితిమీరి వేడెక్కి భవనమునకు నిప్పు అంటుకొన్నది. ఆ కర్రముక్కలు వంటచెరకు కాదు. అవి రసీదులు.

ఇంగ్లండులో 12వ శతాబ్దము నుండి రాజుకు పన్ను చెల్లించినవానికి కర్రతో రసీదు ఇచ్చెడివారు. హేజెల్ అను చెట్టు కొమ్మను చదును చేసి, చెల్లించిన సొమ్మును బట్టి దానిపై గంట్లు కోసెడివారు. ఆనాటి కోశాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ తన గ్రంథములో ఈ గంట్ల కొలతలను వివరముగా వ్రాసి ఉంచెను. వేయి పౌనులకు అరచేతి మందము గంటు. నూరు పౌనులకు బొటనవ్రేలి మందము. ఇరువది పౌనులకు చిటికెనవ్రేలి మందము. ఒక్క పౌనుకు ఉబ్బిన బార్లీ గింజ అంత. పిమ్మట కర్రను నిలువున రెండుగా చీల్చెడివారు. ఒక ముక్క సొమ్ము కట్టినవానికి, రెండవది కోశాగారమునకు. తగవు వచ్చినపుడు రెండు ముక్కలను ప్రక్కప్రక్కన చేర్చి చూచెడివారు. గంట్లు సరిపోవలెను; చీలికలోని నారలు కూడ ఒకదానితో ఒకటి కలిసిపోవలెను.

ఇందులోని తెలివి గమనింపదగినది. సొమ్ము కట్టినవాడు దొంగ కావచ్చును, కోశాధికారియు దొంగ కావచ్చును. అయినను లెక్క చెడదు. కట్టినవాడు తన ముక్కపై ఒక గంటు ఎక్కువ కోసినచో అది రెండవ ముక్కపై ఉండదు. కోశాధికారి ఒక గంటును మాయము చేయదలచినచో, కోసిన కర్ర తిరిగి అతుకుకొనదు. ఒకరి నిజాయితీపై ఆధారపడక, ఏ ఒక్కరును ఒంటరిగా మార్చలేని లెక్కపై ఆధారపడుట ఈ పద్ధతి సారము.

మన దేశములోను ఇట్టి ఊహ ఉండినది. వేంగీ చాళుక్యుల తామ్రశాసనములను చూచినవారికి ఈ సంగతి తెలియును. రాగిరేకులకు రంధ్రములు చేసి, వాటిలో ఒక కడియమును దూర్చి, ఆ కడియపు కొనలను వరాహ లాంఛనము గల రాజముద్రలో బిగించెడివారు. మధ్యలో ఒక రేకును తీసివేయవలెనన్నను, క్రొత్తది చేర్చవలెనన్నను కడియమును కోయక తప్పదు. అందుచేతనే శాసన పరిశోధకులు ఒక శాసనమును ప్రకటించునపుడు, అది తమ చేతికి వచ్చునప్పటికి కడియము కోయబడి ఉన్నదా లేదా అను విషయమును తప్పక పేర్కొందురు.

ఇప్పుడు ఈ పాత కథలు ఏల అని పాఠకులు అడుగవచ్చును. ఏలయనగా, అవే ప్రశ్నలు ఇప్పుడు క్రొత్త వేషములో తిరిగి వచ్చినవి. ఈసారి సొమ్ము ఇచ్చునదియు యంత్రమే, పుచ్చుకొనునదియు యంత్రమే.

ఏజెంటు అను మాట మనకు క్రొత్తది కాదు. బీమా ఏజెంటు, భూముల ఏజెంటు మనకు తెలిసినవారే. కృత్రిమ మేధ ఏజెంటు మాత్రము మనిషి కాదు, ఒక కంప్యూటరు ప్రోగ్రాము. పని ఏమిటో మామూలు మాటలలో చెప్పినచో, దానికి కావలసిన మెట్లను తానే ఏర్పరచుకొని, ఇతర కంప్యూటరులతో సంప్రదించి, ఆ పనిని నెరవేర్చుటకు పూనుకొనును. 2023 నుండి ఇట్టి ఏజెంట్లు విరివిగా తయారగుచున్నవి. వీటిలో కొన్నింటికి డబ్బు ఖర్చు చేయు అధికారము కూడ ఇచ్చుచున్నారు.

ఒక ఉదాహరణము ఊహింతము. ఒక భూగోళ ఉపాధ్యాయుడు తన జిల్లాలో పదేండ్ల వర్షపాతపు లెక్కలు సేకరింపుమని తన ఏజెంటును ఆజ్ఞాపించెను; ఏబది రూపాయలకు మించి ఖర్చు చేయవద్దనియు చెప్పెను. ఏజెంటు లెక్కలు అమ్ము ఒక కంప్యూటరును కనుగొని, ఒక్కొక్క నెల లెక్కకు పావలా చొప్పున నూట ఇరువది మారులు చెల్లించెను. మొత్తము ముప్పది రూపాయలు. ఇదంతయు కొన్ని నిమిషములలో జరిగిపోయెను. తరువాత అమ్మకందారు, నాకు ఎనుబది చెల్లింపులే అందినవి అనెను. ఉపాధ్యాయుడు తన ఏజెంటు వ్రాసుకొన్న దినచర్యను చూపెను. ఆ దినచర్య ఉపాధ్యాయుని కంప్యూటరులోనిదే. దానిని ఎవరైనను దిద్దవచ్చును. అమ్మకందారు పద్దు అమ్మకందారు కంప్యూటరులోనిది. దానికిని అదే గతి. చీల్చిన కర్ర ఏది?

ముప్పది రూపాయలకు ఇంత చర్చ అవసరమా అని తోచవచ్చును. యంత్రము వేగమును మరువరాదు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అను వాటాల వ్యాపార సంస్థలో, తప్పుగా అమర్చిన ఒక ప్రోగ్రాము తనంతట తానే కొనుగోళ్లు, అమ్మకములు సాగించి, సుమారు 45 నిమిషములలో 44 కోట్ల డాలర్ల నష్టము తెచ్చినది. అది ఆలోచించు ఏజెంటు కాదు, మామూలు ప్రోగ్రాము మాత్రమే. మనిషి కలుగజేసికొనులోపల పని ముగిసిపోవును. అట్టిచోట తరువాత మిగులునది లెక్క ఒక్కటే.

యంత్రములు చెల్లింపు అడుగవలసి వచ్చునని ఊహించినవారు ముప్పది ఏండ్లకు పూర్వమే ఉండిరి. వరల్డ్ వైడ్ వెబ్‌ను సృష్టించిన టిమ్ బర్నర్స్-లీ 1992లో, ఒక కంప్యూటరు మరొకదానికి ఇవ్వవలసిన జవాబులకు సంఖ్యలు ఏర్పరచెను. అందులో 404 అను సంఖ్య, అనగా అడిగిన పుట లేదు అను జవాబు, అందరికిని పరిచయమే. దానికి రెండు సంఖ్యల ముందు 402 ఉన్నది. దాని అర్థము, చెల్లింపు కావలెను. 1997లో వెలువడిన ప్రమాణపత్రములో ఈ సంఖ్యను భవిష్యత్తు కొరకు ప్రత్యేకించిరి. 2022లో వెలువడిన ప్రమాణపత్రములోను అదే మాట ఉన్నది. ఒక ఇంటిలో ఒక గదికి తలుపు పెట్టి, పేరు వ్రాసి, పాతికేండ్లు తాళము వేసి ఉంచినట్లయినది.

తాళము తీయుటకు ప్రయత్నములు జరుగకపోలేదు. డేవిడ్ చౌమ్ 1982లోనే, ఇచ్చినవాని పేరు బయటపడని ఎలెక్ట్రానిక్ నాణెమునకు గణితమును కనుగొనెను. ఆయన స్థాపించిన డిజిక్యాష్ సంస్థ 1998లో దివాలా తీసినది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీవారు 1990వ దశకములో రూపొందించిన మిల్లిసెంట్ అను పద్ధతి సెంటులో చిన్న భాగమును కూడ చెల్లించుటకు ఉద్దేశింపబడినది, అదియు నిలువలేదు. ఇవి గణితములో ఓడిపోలేదు. ప్రతి పైసకు ముందు కొందునా వద్దా అని ఆలోచించుట మనిషికి విసుగు. నాలుగు పైసల పుటకు నాలుగు నిమిషములు ఆలోచింపజేయు బేరము ఎవరికి కావలెను? ఏజెంటుకు ఈ విసుగు లేదు. పాత ఊహ ఇప్పుడు తిరిగి లేచుటకు ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయము.

ఇక చీల్చిన కర్ర విషయము. దానికి రెండు వస్తువులు కావలసి వచ్చినవి. మొదటిది సంతకము. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఒక క్రొత్త మార్గము చూపిరి. ప్రతివానికి ఒక రహస్య సంఖ్య, దానికి జతగా ఒక బహిరంగ సంఖ్య ఉండును. రహస్య సంఖ్యతో చేసిన సంతకమును బహిరంగ సంఖ్యతో ఎవరైనను సరిచూడవచ్చును. కాని ఆ సంతకమును మరొకరు చేయలేరు. మరుసటి యేడు రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ దీనికి పనిచేయు రూపము ఇచ్చిరి. ఇందుచేత ఒక యంత్రము కూడ, తన యజమాని ఇచ్చిన రహస్య సంఖ్యతో, సంతకము చేయగలదు.

రెండవది తిథి. సంతకము ఎవరిదో చెప్పును గాని ఎప్పటిదో చెప్పదు. ఈనాడు సంతకము చేసి నిరుటి తేదీ వేయుటకు అడ్డేమి? అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధనాలయములో పనిచేయుచున్న స్టూవర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా ఈ ప్రశ్నను పట్టుకొని 1991లో ఒక వ్యాసము ప్రకటించిరి. వారి ఉపాయము మన తామ్రశాసనపు కడియమునకు దగ్గరి బంధువు. ప్రతి పత్రమునకు ఒక ముద్రసంఖ్యను కట్టుట. ఆ ముద్రసంఖ్యలో దానికి ముందరి పత్రపు ముద్రసంఖ్యను కూడ కలుపుట. దీనిని తరగతిలో నల్లబల్లపై చేసి చూపవచ్చును.

ఒక పద్దులో మూడు చెల్లింపులు ఉన్నవనుకొందము: 25, 40, 12 రూపాయలు. సూత్రము ఇది: ముందరి ముద్రను 7తో గుణించి, ఇప్పటి మొత్తమును కూడి, 97తో భాగింపగా మిగిలిన శేషమే క్రొత్త ముద్ర. మొదట ముందరి ముద్ర 0. కనుక మొదటి ముద్ర 25. రెండవదానికి 25ను 7తో గుణించి 40 కూడిన 215 వచ్చును. 97తో భాగింపగా శేషము 21. మూడవదానికి 21ని 7తో గుణించి 12 కూడిన 159, శేషము 62. ఇప్పుడు ఎవరో మొదటి 25ను 15గా దిద్దిరి. ముద్రలు వరుసగా 15, 48, 57 అగును. చివరి ముద్ర 62 అని ముందే ఎవరైనను వ్రాసికొని ఉన్నచో, దొంగతనము బయటపడినది. మొదటి పుటను ముట్టుకొనినచో చివరి పుట అరచినది.

తెలివైన విద్యార్థి ఇక్కడ చేయి ఎత్తవలెను. మొదటి 25ను 15గా దిద్ది, రెండవ 40ని కూడ 13గా దిద్దినచో? 15ను 7తో గుణించి 13 కూడిన 118, శేషము 21. చివరి ముద్ర తిరిగి 62 అగును. అవును, మన బొమ్మ సూత్రము మోసపోయినది. ఇట్టి మోసమునకు లోబడని సూత్రములను కనుగొనుటయే ముద్రసంఖ్యల శాస్త్రమునకు ప్రాణము. ఇంగ్లీషులో వీటిని హ్యాష్ అందురు. ఇప్పుడు విరివిగా వాడుచున్న షా-256 అను సూత్రము ఇచ్చు ముద్రలు రెండు యొక్క 256వ ఘాతమన్ని ఉండవచ్చును. ఆ సంఖ్యకు 78 అంకెలు. ఒకే ముద్ర వచ్చు రెండు పత్రములను దానిలో ఇంతవరకు ఎవరును చూపలేదు. ముద్రలు విరుగవని కాదు. ఎమ్‌డి5 అను పాత సూత్రమును 2004లో చైనా శాస్త్రజ్ఞురాలు వాంగ్ షియావోయున్, ఆమె సహచరులు విరుగగొట్టిరి. షా-1 సూత్రమునకు 2017లో ఆమ్‌స్టర్‌డామ్ గణిత కేంద్రమువారు, గూగుల్‌వారు కలిసి అదే గతి పట్టించిరి.

హేబర్, స్టోర్నెట్టాల పద్ధతిలో ఒక చిక్కు మిగిలినది. గొలుసును వ్రాయు గుమాస్తాయే దొంగ అయినచో? వాడు మొదటి నుండి మొత్తము గొలుసును తిరిగి కట్టవచ్చును. దీనికి వారు పట్టిన మార్గము చాల అందమైనది. వారి పద్ధతిని నడపిన ష్యూరిటీ అను సంస్థ 1995 నుండి వారమునకు ఒక మారు, ఆ వారపు చివరి ముద్రసంఖ్యను న్యూయార్క్ టైమ్స్ పత్రికలో, పోయిన వస్తువుల ప్రకటనల మధ్య, అచ్చు వేయించినది. లక్షలాది ప్రతులు గ్రంథాలయములకు, ఇండ్లకు చేరిపోయిన తరువాత ఏ గుమాస్తా దానిని దిద్దగలడు? వార్తాపత్రికయే కర్రలోని రెండవ ముక్క అయినది.

1979లో రాల్ఫ్ మెర్కిల్ కనుగొన్న మరొక యుక్తిని కూడ వారు తరువాత డేవ్ బేయర్‌తో కలిసి దీనికి జోడించిరి. వేయి రసీదులను రెండేసి చొప్పున కలిపి ముద్రలు, ఆ ముద్రలను మరల రెండేసి చొప్పున కలిపి ముద్రలు, ఇట్లు చేసుకొనిపోగా చివర ఒక్క ముద్ర మిగులును. 1024 రసీదులలో నా రసీదు ఒకటి ఉన్నదని రుజువు చేయుటకు 10 ముద్రలు చాలును. పది లక్షలకు 20 చాలును. లెక్కలేనన్ని చిన్న చెల్లింపులు చేయు ఏజెంట్లకు ఈ చెట్టు ఎంత ఉపకారియో వేరుగ చెప్పనక్కరలేదు.

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అను పేరుతో ఎవరో బిట్‌కాయిన్ వ్యాసమును ప్రకటించిరి. ఆ వ్యాసము పేర్కొన్న ఆధారములు ఎనిమిది మాత్రమే. వాటిలో మూడు హేబర్, స్టోర్నెట్టాలు వ్రాసినవి లేక ఇతరులతో కలిసి వ్రాసినవి. నకమోటో చేర్చినది ఏమనగా, గుమాస్తానే తీసివేయుట. పద్దు ప్రతి వేలాది కంప్యూటరులలో ఉండును. క్రొత్త పుట వ్రాయదలచినవాడు, ఆ పుట ముద్రసంఖ్య ఒక పరిమితికి తక్కువగా వచ్చునట్లు చేయు ఒక అంకెను గ్రుడ్డిగా వెదకి పట్టుకొనవలెను. సుమారు పది నిమిషములకు ఒకరు గెలుతురు. పాత పుటను దిద్దదలచినవాడు ఆ పుటకే గాక దాని తరువాతి పుటలన్నిటికిని ఆ శ్రమను తిరిగి పడి, ముందుకు పోవుచున్న మిగిలినవారిని దాటవలెను. ఈ పుటను బ్లాక్ అనియు, పుటల గొలుసును బ్లాక్‌చెయిన్ అనియు పిలుచుచున్నారు.

2009 జనవరి 3న కట్టిన మొదటి పుటలో నకమోటో ఆనాటి లండన్ టైమ్స్ పత్రిక శీర్షికను చేర్చెను. ఇది వట్టి వేడుక కాదు. ముద్రసంఖ్యను పత్రికలో వేసినచో ఆ పత్రము ఆ తేదీకి పూర్వమే ఉన్నదని రుజువు. పత్రిక శీర్షికను పత్రములో వేసినచో ఆ పత్రము ఆ తేదీకి పూర్వము లేదని రుజువు. ఒకే పనిముట్టును ఒకరు ఒక కొననుండియు మరొకరు రెండవ కొననుండియు పట్టుకొనిరి.

బిట్‌కాయిన్ పద్దు చిన్న చెల్లింపులకు పనికిరాలేదు. 2017 డిసెంబరులో రద్దీ పెరిగినపుడు ఒక చెల్లింపునకు సగటు రుసుము 50 డాలర్లు దాటినది. పావలా పంపుటకు వేల రూపాయల తపాలాబిళ్ల అంటించు వ్యాపారము ఎవరు చేయుదురు? ఈలోగా 2015 జులైలో విటాలిక్ బ్యూటెరిన్, ఆయన సహచరులు ఎథీరియమ్ అను మరొక గొలుసును నడప మొదలిడిరి. అందులో పద్దులే గాక, షరతుల ప్రకారము తమంతట తాము నడుచు ప్రోగ్రాములను కూడ ఉంచవచ్చును. అది 2022 సెప్టెంబరులో ఆ వెదుకులాట పద్ధతిని విడిచి, పూచీకత్తు సొమ్ము పెట్టినవారు పుటలు వ్రాయు పద్ధతికి మారినది. విద్యుత్తు ఖర్చు నూటికి 99 పాళ్లకు పైగా తగ్గెను. దానిపై ఆధారపడి నడచు ఉపగొలుసులు వచ్చినవి. 2024 మార్చిలో జరిగిన మార్పు తరువాత అట్టి ఉపగొలుసులలో రుసుము ఒక్క సెంటుకు లోపలికి కూడ దిగినది. డాలరుతో సమానముగా ఉంచబడు నాణెములును వచ్చినవి. వాటిలో ఒకటైన యు.ఎస్.డి.సి. 2018లో మొదలైనది. సమానముగా ఉంచుట ఎల్లవేళల సాగదు. 2023 మార్చిలో ఒక అమెరికా బ్యాంకు కూలినపుడు అది కొద్ది దినములు 90 సెంట్లకు దిగువకు పడి తిరిగి లేచినది.

ఇన్ని సమకూరిన పిమ్మట 2025 మే నెలలో కాయిన్‌బేస్ సంస్థ ఎక్స్402 అను పద్ధతిని ప్రకటించి, మూతపడియున్న 402 గది తలుపు తెరచినది. అది పనిచేయు విధము ఇది. ఏజెంటు ఒక పుటను గాని లెక్కను గాని అడుగును. ఎదుటి కంప్యూటరు 402 అని జవాబిచ్చి, వెల ఎంత, ఏ నాణెములో, ఏ గొలుసుపై, ఏ చిరునామాకు అను సంగతులను తెలుపును. ఏజెంటు ఒక చిన్న చెల్లింపు పత్రమును వ్రాసి సంతకము చేయును. అందులో ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు, మొత్తము, ఏ సమయము నుండి ఏ సమయము వరకు చెల్లును, వీటికి తోడు ఒక్కమారు మాత్రమే చెల్లు ఒక సంఖ్య ఉండును. ఆ సంఖ్య వలన అదే పత్రమును రెండవమారు సొమ్ము చేసికొనుటకు వీలు లేదు. ఏజెంటు ఆ పత్రమును జతచేసి మరల అడుగును. అమ్మకందారు తానుగా గాని, మధ్యవర్తి ద్వారా గాని సంతకమును సరిచూచి, పత్రమును గొలుసుపైకి ఎక్కించి, సరకుతోపాటు ఆ పద్దు గుర్తుసంఖ్యను ఏజెంటుకు పంపును. ఈ గుర్తుసంఖ్యయే రసీదు. దానిని పట్టుకొని, మనము ముందు చెప్పుకొన్న ఉపాధ్యాయుడు గాని, అమ్మకందారు గాని, వారిద్దరికిని సంబంధము లేని మూడవవాడు గాని, గొలుసులో వెదకి చూచుకొనవచ్చును. ఎనుబదియా నూట ఇరువదియా అను తగవు క్షణములో తీరిపోవును.

తీరనివి వేరే ఉన్నవి. గొలుసు చెప్పునది ఇంతే: ఈ చిరునామా నుండి ఆ చిరునామాకు, ఈ వేళలో, ఇంత సొమ్ము పోయినది. ఆ సొమ్మును అట్లు ఖర్చు చేయుమని ఉపాధ్యాయుడు చెప్పెనా? గొలుసుకు తెలియదు. రహస్య సంఖ్య ఏజెంటు వద్ద ఉన్నది. ఎవరో మోసపు మాటలు చదివించి ఏజెంటును దారి తప్పించినను, సంతకము సరియైన సంతకమే అగును. పన్నెండవ శతాబ్దములోను కర్ర ఇంతకన్న ఎక్కువ చెప్పలేదు.

ఈ లోపమును పూడ్చుటకై గూగుల్ సంస్థ 2025 సెప్టెంబరులో అరువదికి పైగా సంస్థల సహకారముతో ఏ.పి.2 అను మరొక పద్ధతిని ప్రకటించినది. ఇందులో చెల్లింపు పత్రమునకు ముందు అధికారపత్రము ఉండును. ఇన్ని రూపాయలలోపల, ఇట్టి వస్తువును, ఇన్నాళ్లలోపల కొనుమని యజమాని తానే సంతకము చేసి ఏజెంటుకు ఇచ్చును. కొనబోవు వస్తువుల జాబితాపై మరొక సంతకము ఉండును. తగవు వచ్చినపుడు ఆజ్ఞ, బేరము, చెల్లింపు అను మూడు పత్రములను వరుసగా పరచి, ఎక్కడ తప్పు జరిగినదో చూడవచ్చును. చెల్లింపు కార్డుతో జరుగవచ్చును, బ్యాంకు ద్వారా జరుగవచ్చును, గొలుసుపై జరుగవచ్చును. నా దృష్టిలో ఈ అధికారపత్రము గొలుసుకన్న ముఖ్యమైనది. పత్రికలలో గొలుసుకు వచ్చినంత పేరు దీనికి రాలేదు.

యంత్రము చేసినదానికి బాధ్యుడు ఎవరు అను విషయములో చట్టములు మనము అనుకొన్నంత వెనుకబడి లేవు. మన దేశపు 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 11వ సెక్షను ప్రకారము, ఒకడు తానై గాని, తన తరఫున మరొకరు గాని తనంతట తాను పనిచేయునట్లు ఏర్పరచిన కంప్యూటరు పంపిన పత్రము ఆ మనిషి పంపినదే అగును. 2024 ఫిబ్రవరిలో కెనడాలోని ఒక న్యాయ మండలి ఎదుట ఎయిర్ కెనడా విమాన సంస్థ ఒక వింత వాదము చేసినది. తన వెబ్‌సైటులో ప్రయాణికునికి తప్పు సమాచారము ఇచ్చిన సంభాషణ యంత్రము తన మాటలకు తానే బాధ్యత వహించు వేరొక వ్యక్తి వంటిదని ఆ వాదము తాత్పర్యము. మండలి దానిని త్రోసిపుచ్చి ప్రయాణికునికి నష్టపరిహారము ఇప్పించినది.

సాక్ష్యము విషయములోను మార్పు వచ్చినది. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము, ఎలెక్ట్రానిక్ పత్రమును కోర్టులో దాఖలు చేయునపుడు దాని ముద్రసంఖ్యను కూడ ధ్రువపత్రములో వ్రాయుమనుచున్నది. సంతోషింపవలసిన సంగతియే. కాని ఆ ధ్రువపత్రపు నమూనాలో షా-256తోపాటు, విరిగిపోయినవని పైన చెప్పిన ఎమ్‌డి5, షా-1 సూత్రములు కూడ ఎంచుకొనదగినవిగా ఉన్నవి. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు ఈ సంగతిని తరగతిలో చర్చకు పెట్టదగును.

గొలుసులోని లెక్క మారదను మాటను కూడ కొంచెము జాగ్రత్తగా పలుకవలెను. 2016లో ఎథీరియమ్‌పై డి.ఏ.ఓ. అను ఉమ్మడి నిధి ఏర్పడినది. మేనేజరు లేడు, ప్రోగ్రామే మేనేజరు. జూన్ 17న ఎవరో ఆ ప్రోగ్రాములోని లొసుగును పట్టుకొని, ప్రోగ్రాము వ్రాసినది వ్రాసినట్లు నడిపించి, సుమారు 36 లక్షల ఈథర్ నాణెములను తమవైపు మళ్లించుకొనిరి. ప్రతి చెల్లింపు సక్రమముగా పద్దులో ఎక్కినది. లెక్క నిజము, జరిగినది దోపిడి. వారముల తరబడి వాదములు జరిగినవి. చివరకు జులై 20న అధిక సంఖ్యాకులు పద్దును నడపు నియమమునే మార్చి, ఆ సొమ్మును తిరిగి రప్పించిరి. లెక్క లెక్కయే, దానిని ముట్టరాదు అనినవారు పాత గొలుసునే పట్టుకొని విడిపోయిరి. అది ఎథీరియమ్ క్లాసిక్ అను పేరుతో వేరుగా సాగినది. వేలాది చేతులలో ఉన్న పద్దును ఒక్కడు దిద్దలేడు. వేలమంది ఒప్పుకొన్నచో దిద్దవచ్చును. ఏజెంట్ల రసీదులను ఇట్టి గొలుసుపై ఉంచువారు ఈ రెండు సంగతులను కలిపి జ్ఞాపకముంచుకొనవలసి ఉన్నది.

మరొక చిక్కు రహస్యమునకు సంబంధించినది. కర్రముక్కను ఇద్దరే చూచెడివారు. బహిరంగమైన గొలుసును లోకమంతయు చూచును. ఒకని ఏజెంటు ఏ చిరునామా నుండి చెల్లించుచున్నదో ఒక్కమారు తెలిసినచో, అది ఏ వైద్య సమాచారమును కొన్నది, ఏ వకీలుకు రుసుము కట్టినది, ఎంత తరచుగా కట్టినది అను వరుస అంతయు బయటపడవచ్చును. అందుచేత కొందరు పద్దులను తమవద్దనే ఉంచుకొని, మెర్కిల్ చెట్టు చివరి ముద్రను మాత్రము గొలుసుపై ప్రకటించు మార్గమును కోరుచున్నారు. ఇది 1995 నాటి వార్తాపత్రిక ప్రకటనకు తిరిగి పోవుటయే.

చివరకు సరకు సంగతి. ఉపాధ్యాయునికి అందిన వర్షపాతపు లెక్కలు సరియైనవేనా? చెల్లింపు రుజువైనది, ఆజ్ఞ రుజువైనది. కాని జులై నెల వర్షమాపకములో నీరు ఎంత ఉండెనో గొలుసు చూడలేదు. ఎవరో వ్రాసి పంపిన అంకెనే అది దాచును. 2025 ఆగస్టులో ఎథీరియమ్ వర్గమువారి ఎదుట పెట్టిన ఈ.ఆర్.సి. 8004 అను ముసాయిదా, ఏజెంట్లకు మూడు రిజిస్టరులు ఉండవలెనని సూచించినది: ఒకటి గుర్తింపునకు, ఒకటి వాటితో పని చేయించుకొన్నవారి అభిప్రాయములకు, ఒకటి చేసిన పనిని మరొకరు పరీక్షించిన ఫలితములకు. ఒకే మోసగాడు వంద ఏజెంట్లను పుట్టించి, వాటిచేత తనకు తానే మంచి పేరు వ్రాయించుకొనవచ్చునని ఆ ముసాయిదా వ్రాసినవారే హెచ్చరించిరి. చెల్లింపు రసీదు లేని అభిప్రాయమునకు విలువ ఇవ్వరాదని కొందరు సూచించుచున్నారు. అప్పుడు మోసగానికి వంద అభిప్రాయములకు వంద చెల్లింపులు కావలెను. అవి తన ఒక జేబులోనుండి తన మరొక జేబులోనికే పోవును, మధ్యలో గొలుసు రుసుము మాత్రము ఖర్చగును. ఆ రుసుము ఇప్పుడు సెంటుకన్న తక్కువ.